ఆర్డర్ సేవ్ అయింది, మరి పేరెందుకు రాలేదు? క్రియేట్ చేశాక అసోసియేషన్ లోడ్ చేయడం

పోయిన ఎపిసోడ్‌లో టేబుల్స్ మధ్య సంబంధాల గురించి, అంటే హ్యాజ్ మెనీ, బిలాంగ్స్ టు గురించి మాట్లాడుకున్నాం కదా. దాని కింద వచ్చిన కామెంట్లలో ఒకే ప్రశ్న రకరకాలుగా కనిపించింది. "అన్నా, రికార్డ్ క్రియేట్ చేసిన వెంటనే పేరు రావట్లేదు, పేజీ రిఫ్రెష్ చేస్తే వస్తోంది. ఎందుకు?" అని. బీటెక్ ఫైనల్ ఇయర్ చదివే ఒక తమ్ముడైతే తన ప్రాజెక్ట్ మొత్తం వివరంగా రాశాడు. హాస్టల్ మెస్‌లో టిఫిన్ ఆర్డర్ చేసే యాప్ అది. నోడ్ జేఎస్, పోస్ట్‌గ్రెస్, మధ్యలో సీక్వలైజ్. ఇవాళ ఆ యాప్‌నే ముందు పెట్టుకుని మాట్లాడదాం.

సమస్య ఏంటంటే, స్టూడెంట్ రాత్రి పడుకునే ముందు రేపటి టిఫిన్‌కి ఆర్డర్ పెడతాడు. బటన్ నొక్కగానే "మసాలా దోశ, రెండు ప్లేట్లు, ఆర్డర్ అందింది" అని స్క్రీన్ మీద రావాలి. కానీ స్క్రీన్ మొత్తం తెల్లగా అయిపోతోంది. కన్సోల్ తెరిచి చూస్తే ఎర్రగా ఒక లైన్: కెనాట్ రీడ్ ప్రాపర్టీస్ ఆఫ్ అన్‌డిఫైన్డ్, రీడింగ్ నేమ్. అంటే ఐటమ్ అనేదే లేదు, లేని దానికి పేరు అడుగుతున్నావు అని. మరి డేటాబేస్‌లో చూస్తే? ఆర్డర్ శుభ్రంగా పడి ఉంది!

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఆర్డర్ పడిందని మనకి తెలుసు, ఫోన్ పట్టుకున్న వాడికి తెలీదు. వాడేం చేస్తాడు? యాప్ మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ నొక్కుతాడు. పొద్దున్నే వంట మాస్టర్ దగ్గర నాలుగు దోశలు, తినేది రెండు, నెలాఖరున మెస్ బిల్లులో నాలుగింటి డబ్బులు. ఇదంతా ఒక పేరు లోడ్ కాకపోవడం వల్ల. అందుకే దీన్ని చిన్న బగ్ అని కొట్టిపారేయొద్దు.

సరే, లోపల ఏం జరుగుతోందో చూద్దాం. మీ ఫోన్‌కి ఎవరో కాల్ చేశారనుకోండి. నెట్‌వర్క్ నుంచి వచ్చేది నంబర్. ఆ నంబర్ చూసి మీ ఫోన్ కాంటాక్ట్స్‌లో వెతికి "పెద్దమ్మ" అని చూపిస్తుంది. కాంటాక్ట్ సేవ్ చేయలేదంటే ఉత్త నంబరే కనిపిస్తుంది. పెద్దమ్మ అన్న మాట కాల్‌తో పాటు రాలేదు, వెతికితే వచ్చింది. మన టేబుల్స్ కూడా అంతే. ఆర్డర్స్ టేబుల్‌లో స్టూడెంట్ పేరు ఉండదు, స్టూడెంట్ ఐడీ 17 అని ఉంటుంది. దోశ అని ఉండదు, ఐటమ్ ఐడీ 4 అని ఉంటుంది. 1970లో ఎడ్గర్ కాడ్ రిలేషనల్ మోడల్ ప్రతిపాదించిన దగ్గర్నుంచి ఈ పద్ధతి అలాగే నడుస్తోంది. ఒక సంగతి ఒక్కచోటే రాయి, మిగతా చోట్ల దాని గుర్తు మాత్రం పెట్టు. రేపు మసాలా దోశ పేరు "స్పెషల్ మసాలా దోశ" అని మారిస్తే ఒక్కచోట మారిస్తే చాలు.

ఇప్పుడు ఓఆర్ఎం ఏం చేస్తుంది? టేబుల్‌లో ఉన్న వరసని మన కోడ్‌లో ఒక ఆబ్జెక్ట్‌లా చూపిస్తుంది. ఆర్డర్ డాట్ ఐటమ్ డాట్ నేమ్ అని రాసుకునే సుఖం ఇస్తుంది. ఆ సుఖం వల్లే మనం ఒక భ్రమలో పడతాం. మన చేతిలో ఉన్న ఆబ్జెక్ట్ అంటే డేటాబేసే, అందులో ఉన్నవన్నీ ఇందులోనూ ఉంటాయి అని. అలా ఉండదు.

స్క్రీన్ మీద చూడండి. తమ్ముడు రాసింది ఇది: ఆర్డర్ డాట్ క్రియేట్, లోపల స్టూడెంట్ ఐడీ 17, ఐటమ్ ఐడీ 4, ప్లేట్లు 2. సీక్వలైజ్ దీన్ని ఒక ఇన్సర్ట్ స్టేట్‌మెంట్‌గా మార్చి పోస్ట్‌గ్రెస్‌కి పంపుతుంది. చివర్లో రిటర్నింగ్ అని ఒక మాట తగిలిస్తుంది. రిటర్నింగ్ అంటే "నువ్వు రాసుకున్న ఆ వరసని నాకూ ఒకసారి చూపించు" అని. పోస్ట్‌గ్రెస్‌లో ఇది 2006లో వచ్చిన 8.2 వెర్షన్ నుంచే ఉంది. దానివల్ల కొత్తగా పుట్టిన ఐడీ, క్రియేటెడ్ ఎట్, డేటాబేస్ తనంతట తాను పెట్టిన డిఫాల్ట్ విలువలు మన ఆబ్జెక్ట్‌లోకి వచ్చేస్తాయి. అందుకే ఆర్డర్ డాట్ ఐడీ అంటే 301 అని వస్తుంది. చూశారా, ఆ వచ్చిందంతా ఆర్డర్స్ టేబుల్ వరసే. ఐటమ్స్ టేబుల్‌ని ఎవరూ ముట్టుకోలేదు. ఎవరూ అడగలేదు కాబట్టి రాలేదు. అంతే.

మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లు ఇంకో మెట్టు కింద ఉంటారు. అక్కడ ఇన్సర్ట్‌కి రిటర్నింగ్ లేదు. కొత్త ఐడీ ఒక్కటి తిరిగి వస్తుంది. స్టేటస్ కాలమ్‌కి డేటాబేస్‌లో డిఫాల్ట్ "న్యూ" అని పెట్టి, మోడల్‌లో చెప్పకపోతే, క్రియేట్ అయిన ఆబ్జెక్ట్‌లో స్టేటస్ కూడా కనిపించదు. అసోసియేషన్ దాకా ఎందుకు, సొంత వరసే పూర్తిగా మన చేతికి రాదన్నమాట.

ఇక్కడ పైథాన్ వాళ్లు లేచి, "మాకు జాంగోలో ఆర్డర్ డాట్ ఐటమ్ డాట్ నేమ్ అంటే వచ్చేస్తోందిగా" అంటారు. నిజమే. జాంగోలో, రెయిల్స్‌లో, లారావెల్‌లో ఆ డాట్ పెట్టగానే ఓఆర్ఎం గుట్టుచప్పుడు కాకుండా ఒక సెలెక్ట్ క్వెరీ కొట్టి తెచ్చి ఇస్తుంది. దీన్ని లేజీ లోడింగ్ అంటారు. మరి సీక్వలైజ్‌లో ఎందుకు రాదు? వాళ్లకి చేతకాక కాదు. జావాస్క్రిప్ట్‌లో డేటాబేస్ దగ్గరికి వెళ్లొచ్చే ప్రతి పనికీ అవెయిట్ కావాలి. ఆర్డర్ డాట్ ఐటమ్ అని మామూలుగా ప్రాపర్టీ చదివితే అక్కడ ఆగి ఎదురుచూసే వీలు భాషలో లేదు. జాంగోలో మామూలు కోడ్ ఆ డాట్ దగ్గర ఆగగలదు, అందుకే ఆగి తెస్తుంది. పైథాన్‌లోనే ఎస్‌క్యూఎల్ ఆల్కెమీని అసింక్ పద్ధతిలో వాడి చూడండి, అదే డాట్ దగ్గర మిస్సింగ్ గ్రీన్‌లెట్ అని ఎర్రర్ మొహాన కొడుతుంది. కాబట్టి ఇది భాషల మధ్య గొప్పల పోటీ కాదు, ఆగగలిగే కోడ్‌కీ ఆగలేని కోడ్‌కీ ఉన్న తేడా.

సరే, తమ్ముడు ఏం చేశాడు? ఎక్కడో ఇన్‌క్లూడ్ అనే ఆప్షన్ చూశాడు. ఫైండ్ ఆల్‌లో ఇన్‌క్లూడ్ పెడితే ఐటమ్ వస్తోంది కాబట్టి క్రియేట్‌లో కూడా ఇన్‌క్లూడ్ పెట్టాడు. ఎర్రర్ రాలేదు, ఐటమ్ కూడా రాలేదు. "అన్నా, ఇన్‌క్లూడ్ పనిచేయట్లేదు" అన్నాడు. పనిచేస్తోంది తమ్ముడూ, నువ్వు అనుకున్న పని కాదు, వేరే పని.

ఇది కాస్త నెమ్మదిగా వినండి. సీక్వలైజ్‌లో ఫైండ్‌లో ఇన్‌క్లూడ్ అంటే "ఆ టేబుల్ కూడా కలిపి తీసుకురా" అని. క్రియేట్‌లో ఇన్‌క్లూడ్ అంటే "నేనిచ్చిన డేటా లోపల ఇంకో రికార్డ్ కూడా ఉంది, దాన్ని కూడా కొత్తగా సృష్టించు" అని. ఒకే మాట, రెండు అర్థాలు. లోపల ఏమీ ఇవ్వకపోతే సృష్టించడానికి ఏమీ లేదు, అందుకే నిశ్శబ్దంగా ఉండిపోయింది. అదే ఫ్రంట్ ఎండ్ నుంచి వచ్చిన స్టూడెంట్ ఆబ్జెక్ట్‌ని పేరుతో సహా అలాగే లోపల పెట్టి ఇన్‌క్లూడ్ ఇచ్చారనుకోండి, అది స్టూడెంట్స్ టేబుల్‌లో ఇంకో కొత్త స్టూడెంట్‌ని పుట్టిస్తుంది! ఆ ఆబ్జెక్ట్‌లో ఐడీ కూడా ఉంటే, ఆ ఐడీ ఆల్రెడీ ఉంది కాబట్టి యూనిక్ కన్‌స్ట్రెయింట్ ఎర్రర్ వస్తుంది. నన్నడిగితే ఎర్రర్ రావడమే అదృష్టం. రాకపోతే ఒకే కుర్రాడికి రెండు అకౌంట్లు, రెండు బాకీలు.

ఈ గందరగోళానికి ఇంకో కారణం ప్రిస్మా. అందులో క్రియేట్‌కి ఇన్‌క్లూడ్ ఇస్తే నిజంగానే ఐటమ్ లోడ్ అయి వస్తుంది. కొత్త రికార్డులు సృష్టించడానికి అక్కడ డేటా లోపల వేరే మాటలున్నాయి: క్రియేట్ అని, కనెక్ట్ అని. ప్రిస్మా ట్యుటోరియల్ చూసి సీక్వలైజ్‌లో రాస్తే ఇలాగే అవుతుంది. మన దగ్గర చాలామంది మూడు వీడియోలు చూసి మూడింటి కోడ్ కలిపి వండుతారు. వండండి, తప్పులేదు, కాకపోతే డబ్బా మీద పేరు చూసి వేయండి.

మరి సీక్వలైజ్‌లో సరైన దారి ఏంటి? క్రియేట్ అయ్యాక, అదే ఆర్డర్ మీద రీలోడ్ అని పిలిచి, దానికి ఇన్‌క్లూడ్ ఇవ్వండి. అవెయిట్ ఆర్డర్ డాట్ రీలోడ్, ఇన్‌క్లూడ్‌లో ఐటమ్. ఇది రెండో క్వెరీ. ఆర్డర్స్ నుంచి 301 తీసి, దానికి ఐటమ్స్‌ని లెఫ్ట్ ఔటర్ జాయిన్‌తో కలిపి తెచ్చి, మీ చేతిలో ఉన్న అదే ఆబ్జెక్ట్‌లో నింపుతుంది. రెండో దారి, ఫైండ్ బై పీకేకి ఆర్డర్ ఐడీ, ఇన్‌క్లూడ్ ఇచ్చి కొత్త ఆబ్జెక్ట్‌గా తెచ్చుకోవడం. ఖర్చు దాదాపు ఒకటే. క్రియేట్ ఎండ్‌పాయింట్‌కీ, ఆర్డర్ చూపించే ఎండ్‌పాయింట్‌కీ ఒకే ఆకారంలో జవాబు రావాలంటే నేను రెండోదే ఎంచుకుంటాను. ఎందుకంటే ఆర్డర్ తెచ్చే ఫంక్షన్ ఒక్కటే రాసి రెండు చోట్లా వాడొచ్చు. రిఫ్రెష్‌కి ముందు ఒకలా, తర్వాత ఇంకోలా కనిపించే గోల అక్కడితో పోతుంది. ఇక మూడోది, ఆర్డర్ డాట్ గెట్ ఐటమ్ అని పిలిస్తే ఐటమ్ ఒక్కటే వస్తుంది. ఒక్క పేరు కోసమైతే అదీ చాలు.

అవెయిట్ మర్చిపోతే మళ్లీ అన్‌డిఫైనే, అది వేరే చెప్పక్కర్లేదు. అసోసియేషన్ రాసేటప్పుడు యాజ్ అని ముద్దుపేరు పెట్టి ఉంటే ఇన్‌క్లూడ్‌లో కూడా అదే ముద్దుపేరు ఇవ్వాలి. లేకపోతే ఎర్రర్ వస్తుంది, ఎర్రర్‌లోనే విషయం స్పష్టంగా రాసి ఉంటుంది. దయచేసి ఎర్రర్ మొత్తం చదవండి, మొదటి రెండు పదాలు చూసి గూగుల్‌కి పరిగెత్తొద్దు.

ఇంతకీ, రెండో క్వెరీ అసలు అవసరమా అని కూడా ఒకసారి ఆలోచించాలి. లాగిన్ అయిన స్టూడెంట్ ఎవరో తెలుసుకోవడానికి రిక్వెస్ట్ రాగానే అతని వరసని ఆల్రెడీ తెచ్చుకుని ఉంటాం. పేరు మన దగ్గరే ఉంది. ధర లెక్క కట్టడానికి ఐటమ్‌ని కూడా ముందే తెచ్చి ఉంటాం. తేవాలి కూడా. ఫోన్ నుంచి వచ్చిన ధరని నమ్మి ఆర్డర్‌లో రాయకూడదు, ఎవరైనా మార్చి పంపొచ్చు. అలాంటప్పుడు రెండు ఆబ్జెక్టులూ చేతిలోనే ఉన్నాయి కదా, వాటి నుంచి పేర్లు తీసుకుని జవాబు మనమే కట్టుకోవచ్చు. కొట్టని క్వెరీ కంటే వేగంగా వచ్చే క్వెరీ ఏదీ లేదు.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం కాస్త సీరియస్. నా పాత ఉద్యోగంలో వేరే టీమ్ కోడ్ రివ్యూకి నన్ను పిలిచారు. కంపెనీ పేరు వద్దు. అక్కడ కూడా ఇలాగే క్రియేట్ తర్వాత యూజర్‌ని ఇన్‌క్లూడ్ చేసి, వచ్చిందంతా జేసన్‌గా ఫోన్‌కి పంపుతున్నారు. స్క్రీన్ మీద పేరు ఒక్కటే కనిపిస్తోంది, అందరూ హ్యాపీ. బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి చూస్తే ఆ జేసన్‌లో ఫోన్ నంబర్, ఈమెయిల్, పాస్‌వర్డ్ హ్యాష్, అన్నీ ఉన్నాయి. ఇన్‌క్లూడ్ అంటే ఓఆర్ఎం దృష్టిలో ఆ మోడల్‌లో ఉన్న కాలమ్స్ అన్నీ. మీకు పేరు మాత్రమే కావాలని దానికెలా తెలుస్తుంది?

హాస్టల్ యాప్‌లో ఇది ఆలోచించండి. "రూమ్‌మేట్ కోసం ఆర్డర్ పెట్టు" అని ఒక ఫీచర్ ఉందనుకోండి. అమ్మాయిల హాస్టల్, అబ్బాయిల హాస్టల్ రెండిటికీ ఒకే మెస్ యాప్. ఎవరో ఒకడు వేరొకరి ఐడీ పెట్టి ఆర్డర్ కొడతాడు, జవాబులో ఆ అమ్మాయి ఫోన్ నంబర్ వచ్చేస్తుంది. 17 తీసి 18, 18 తీసి 19 అని మారుస్తూ పోతే హాస్టల్ మొత్తం నంబర్లు గంటలో వాడి చేతిలో. దీనికి హ్యాకర్ అవ్వాల్సిన పని లేదు, బ్రౌజర్ ఉంటే చాలు. పేరు రాలేదని ఇన్‌క్లూడ్ పెట్టి బగ్ ఫిక్స్ చేశామనుకుంటాం, నిజానికి తలుపు తెరిచి పెట్టాం. ఎవరి కోసం ఎవరు ఆర్డర్ పెట్టొచ్చో సర్వర్‌లో చెక్ చేయడం ఎలాగూ తప్పదు. దాంతో పాటు ఇన్‌క్లూడ్ రాసిన ప్రతిచోటా యాట్రిబ్యూట్స్ అని రాసి, ఐడీ, నేమ్, అంతవరకే అడగండి. పాస్‌వర్డ్ హ్యాష్ లాంటి కాలమ్‌ని మోడల్‌లోనే డిఫాల్ట్ స్కోప్ పెట్టి ముందే పక్కన పెట్టేయొచ్చు. ఇంకా మంచిది, జవాబుగా ఓఆర్ఎం ఆబ్జెక్ట్‌ని అలాగే పంపకుండా, ఏ ఫీల్డులు బయటికి వెళ్లాలో మీరే ఒక చిన్న ఫంక్షన్‌లో రాసుకోవడం.

సరే, ఇప్పుడు ట్రాన్సాక్షన్ దగ్గరికి వద్దాం. ఆర్డర్ రాయాలి, స్టూడెంట్ వాలెట్‌లో డబ్బులు తగ్గించాలి. రెండూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు. అందుకని ట్రాన్సాక్షన్ వాడతాం. క్రియేట్‌కి ట్రాన్సాక్షన్ ఇచ్చారు, బాగుంది. తర్వాత రీలోడ్‌కి ఇవ్వడం మర్చిపోయారు. ఏమవుతుంది? ఆ రీలోడ్ వేరే కనెక్షన్ మీద వెళ్తుంది. ఇంకా కమిట్ కాని వరస వేరే కనెక్షన్‌కి కనపడదు. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ రీడ్ కమిటెడ్ అయినా, మైఎస్‌క్యూఎల్ ఇన్నోడీబీ డిఫాల్ట్ రిపీటబుల్ రీడ్ అయినా ఇందులో తేడా లేదు. సీక్వలైజ్ వచ్చి "ఈ ఇన్‌స్టన్స్ ఇక లేదు కాబట్టి రీలోడ్ చేయలేను" అనే అర్థం వచ్చే ఎర్రర్ విసురుతుంది. ఫైండ్ బై పీకే అయితే నల్ ఇస్తుంది. ఇప్పుడే పుట్టిన బిడ్డని పట్టుకుని "లేడు" అంటే ఎవరికైనా మతి పోతుంది. కారణం తెలిస్తే మాత్రం సింపుల్, అదే ట్రాన్సాక్షన్‌ని రీలోడ్‌కి కూడా ఇవ్వడమే.

ఆ తప్పు మొదటి టెస్ట్‌లోనే దొరికిపోతుంది, పర్లేదు. దొరకనిది ఇంకోటి ఉంది. రీలోడ్ బదులు ఆర్డర్ డాట్ గెట్ స్టూడెంట్ అని ట్రాన్సాక్షన్ ఇవ్వకుండా పిలిచారనుకోండి. స్టూడెంట్ ఎప్పుడో చేరినవాడు, కమిట్ అయి ఉన్న వరస. వేరే కనెక్షన్ నుంచి కూడా చక్కగా కనిపిస్తుంది. మీ లాప్‌టాప్‌లో పనిచేస్తుంది, మీ సార్ ముందు డెమోలో పనిచేస్తుంది. సీక్వలైజ్ కనెక్షన్ పూల్‌లో డిఫాల్ట్‌గా గరిష్ఠంగా 5 కనెక్షన్లు ఉంటాయి. రాత్రి తొమ్మిదికి మెస్ ఆర్డర్లు మూసేస్తారు కాబట్టి, ఎనిమిదీ యాభై తొమ్మిదికి అందరూ ఒకేసారి నొక్కుతారు. అయిదుగురు అయిదు ట్రాన్సాక్షన్లు మొదలుపెట్టారు, అయిదు కనెక్షన్లూ అయిపోయాయి. ఇప్పుడు ప్రతి ఒక్కరూ గెట్ స్టూడెంట్ కోసం ఇంకో కనెక్షన్ అడుగుతున్నారు. లేదు. ఎవరో ఒకరు తమ కనెక్షన్ వదిలితే గానీ ఇంకొకరికి దొరకదు, ఇంకోటి దొరికితే గానీ ఎవరూ వదలరు. బస్సులో సీటు మీద కర్చీఫ్ వేసి, పక్క సీటు కూడా దొరికితేనే కూర్చుంటానని అందరూ నిలబడితే ఎలా ఉంటుందో అలా. డిఫాల్ట్ ప్రకారం 60 సెకన్లు అలాగే చూసి, కనెక్షన్ అక్వైర్ టైమవుట్ అని ఎర్రర్ వస్తుంది, ట్రాన్సాక్షన్లు రోల్‌బ్యాక్ అవుతాయి. తొమ్మిది దాటిపోయింది. వాళ్లకి రేపు టిఫిన్ లేదు. లాగ్‌లో చూస్తే ఏ క్వెరీ నెమ్మదిగా లేదు, డేటాబేస్ ఖాళీగా కూర్చుని ఉంది. ఇలాంటిది వెతకడానికి రోజులు పడుతుంది. పూల్ సైజు 5 నుంచి 20 చేస్తే తగ్గినట్టు కనిపిస్తుంది గానీ, 20 మంది ఒకేసారి నొక్కే రోజు వరకే.

కాబట్టి నా పద్ధతి ఏంటంటే, ట్రాన్సాక్షన్ లోపల నిర్ణయానికి కావాల్సినవి మాత్రమే చదువుతాను. ధర, వాలెట్ బ్యాలెన్స్, అలాంటివి, అవీ అదే ట్రాన్సాక్షన్ ఇచ్చి. స్క్రీన్ మీద చూపించడానికి కావాల్సిన పేర్లు, బొమ్మలు అన్నీ కమిట్ అయ్యాకే లోడ్ చేస్తాను. ట్రాన్సాక్షన్ ఎంత త్వరగా ముగిస్తే కనెక్షన్ అంత త్వరగా ఇంకొకరికి దొరుకుతుంది.

కమిట్ తర్వాత లోడ్ చేస్తే కొత్తగా ఒక ప్రశ్న వస్తుంది. ఆ లోడ్ ఫెయిలైతే? చాలామంది కోడ్‌లో క్రియేట్, కమిట్, రీలోడ్ మూడూ ఒకే ట్రై లోపల ఉంటాయి. క్యాచ్‌లో రోల్‌బ్యాక్ ఉంటుంది. కమిట్ అయిపోయాక రీలోడ్‌లో ఏదో తేడా వచ్చి క్యాచ్‌లోకి వెళ్తే, అక్కడ రోల్‌బ్యాక్ పిలుస్తారు. కమిట్ అయిపోయిన దాన్ని రోల్‌బ్యాక్ చేయలేను అని సీక్వలైజ్ ఇంకో ఎర్రర్ ఇస్తుంది, అసలు ఎర్రర్ దాని కింద కప్పడిపోతుంది. ఫోన్‌కి 500 వెళ్తుంది. స్క్రీన్ మీద "ఆర్డర్ విఫలమైంది, మళ్లీ ప్రయత్నించండి". డబ్బులు కట్ అయ్యాయి, ఆర్డర్ పడింది, మనమేమో విఫలమైంది అని అబద్ధం చెబుతున్నాం, పైగా మళ్లీ ప్రయత్నించమని ప్రోత్సహిస్తున్నాం! రాయడం వేరు, రాసింది తిరిగి చదవడం వేరు. చదవడం ఫెయిలైతే రాయడం ఫెయిలైనట్టు కాదు. అందుకే కమిట్ తర్వాత లోడ్‌కి వేరే ట్రై పెట్టండి. అది ఫెయిలైతే లాగ్‌లో రాసుకుని, ఫోన్‌కి 201తో ఆర్డర్ ఐడీ మాత్రం పంపండి. స్క్రీన్ మీద "ఆర్డర్ నంబర్ 301 అందింది" అని వస్తే చాలు, దోశ పేరు లేకపోయినా వాడికి నిద్ర పడుతుంది. ఫ్రంట్ ఎండ్‌లో కూడా ఐటమ్ ఉందో లేదో చూసుకుని పేరు చదవండి, ఒక్క ప్రశ్నార్థకం గుర్తు ఖర్చు.

అయినా రెండుసార్లు నొక్కేవాళ్లు ఉంటారు, లిఫ్ట్‌లో నెట్ పోయేవాళ్లూ ఉంటారు. ఆర్డర్ స్క్రీన్ తెరవగానే ఫోన్‌లోనే ఒక యూయూఐడీ పుట్టించి ఆర్డర్‌తో పాటు పంపండి, ఆ కాలమ్‌కి యూనిక్ కన్‌స్ట్రెయింట్ పెట్టండి. రెండోసారి అదే వస్తే పాత ఆర్డర్‌నే తీసి, ఐటమ్‌తో సహా జవాబు ఇవ్వండి. ఇక్కడ కూడా ఇందాకటి ఆర్డర్ తెచ్చే ఫంక్షనే పనికొస్తుంది, చూశారా.

ఒక పెద్ద యాప్ సంగతి త్వరగా చెప్పేస్తా. రాతలు ఒక సర్వర్‌కి, చదవడాలు దాని నకళ్లకి, అంటే రీడ్ రెప్లికాలకి పంపే సెటప్ ఉంటే, కమిట్ అయిన మరుక్షణం రీలోడ్ చేసినా నకలుకి ఆ వరస ఇంకా చేరకపోవచ్చు. సీక్వలైజ్‌లో ఆ ఒక్క క్వెరీకి యూజ్ మాస్టర్ అని ఆప్షన్ ఇస్తే అసలు సర్వర్ నుంచే చదువుతుంది. కాలేజీ ప్రాజెక్ట్‌కి ఇది అక్కర్లేదు, ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం చెప్పండి.

ఒకేసారి చాలా ఐటమ్స్ పెడితే? ఇడ్లీ, వడ, పూరీ. బల్క్ క్రియేట్ చేసి, వచ్చిన ఒక్కోదాని మీద లూప్‌లో రీలోడ్ పిలవొద్దు. ముప్పై వరసలకి ముప్పై క్వెరీలు. మైఎస్‌క్యూఎల్‌లో అయితే బల్క్ క్రియేట్ ఇచ్చే ఆబ్జెక్టుల్లో ఆటో ఇంక్రిమెంట్ ఐడీలు సరిగ్గా ఉంటాయన్న నమ్మకం లేదు, రీలోడ్ చేద్దామన్నా దేన్ని చేస్తారు? ఆర్డర్ ఐడీ 301 ఉన్న వరసలన్నీ ఇన్‌క్లూడ్‌తో ఒక్క ఫైండ్ ఆల్‌లో తెచ్చుకోండి.

వేరే ఓఆర్ఎంలు వాడేవాళ్ల కోసం రెండు మాటలు. లారావెల్‌లో క్రియేట్ చేశాక ఆర్డర్ మీద లోడ్ అని పిలిచి ఐటమ్ అని పేరిస్తే చాలు, చాలా హాయి. టైప్ ఓఆర్ఎంలో సేవ్ రిలేషన్లని తెచ్చిపెట్టదు. ఈగర్ ట్రూ అని పెట్టినా అది ఫైండ్ పద్ధతులకే వర్తిస్తుంది, సేవ్‌కి కాదు. మళ్లీ ఫైండ్ వన్ కొట్టాల్సిందే. జావా హైబర్నేట్‌లో తమాషా ఇంకోలా ఉంటుంది. ఐటమ్ ఐడీ కాలమ్ మాత్రం నింపి సేవ్ చేసి, అదే ట్రాన్సాక్షన్‌లో ఫైండ్ బై ఐడీ కొడితే, సెలెక్ట్ క్వెరీ వెళ్లనే వెళ్లదు. ఇందాక మీరిచ్చిన ఆబ్జెక్ట్‌నే లోపలి క్యాషే నుంచి తిరిగి ఇస్తుంది, ఐటమ్ అందులో నల్‌గానే ఉంటుంది. అక్కడ ఫ్లష్ చేసి రిఫ్రెష్ పిలవాలి, లేదా మొదట్లోనే ఐడీ బదులు ఐటమ్ రిఫరెన్స్ పెట్టాలి.

ఏది వాడినా ఒక పని చేయండి. సీక్వలైజ్‌లో లాగింగ్ ఆన్ చేసి, మీ యాప్‌లో బటన్ ఒక్కసారి నొక్కి, టెర్మినల్‌లో ఎన్ని క్వెరీలు పడ్డాయో లెక్కపెట్టండి. ఇన్సర్ట్ ఎక్కడుంది, కమిట్ ఎక్కడుంది, సెలెక్ట్ కమిట్‌కి ముందా తర్వాతా, ఆ సెలెక్ట్‌లో ఏయే కాలమ్స్ ఉన్నాయి. ఫోన్ నంబర్ కాలమ్ కనిపించిందా, అక్కడే ఆగి యాట్రిబ్యూట్స్ రాయండి. తమ్ముడు తన యాప్‌లో ఇలా చూసి స్క్రీన్‌షాట్ పంపాడు, ఒక్క ఆర్డర్‌కి పదకొండు క్వెరీలు. అందులో ఏడు ఎందుకు అక్కర్లేదో వచ్చే ఎపిసోడ్‌లో ఆ స్క్రీన్‌షాట్ పెట్టుకుని ఒక్కొక్కటి తీసేద్దాం. మీ లెక్క ఎంత వచ్చిందో కామెంట్‌లో రాయండి.